ఒడ్డే వర్క్‌షాపు

జగన్నాథుడి ఊళ్లో ఓ తెలుగు పేట. అక్కడ పడవ ఆయుష్షు తేలేది నీళ్లలో కాదు, ఇసుక మీద

పూరీ వెళ్లిన తెలుగువాళ్లు జగన్నాథుణ్ణి చూస్తారు. స్వర్గద్వారం దగ్గర సముద్రంలో మునుగుతారు. ఖాజా పొట్లాలు కొనుక్కుని రైలెక్కుతారు. అదే తీరం వెంబడి ఇంకాస్త ముందుకు, హోటళ్ల వరుస అయిపోయేదాకా నడిస్తే మాత్రం ఓ వింత ఎదురవుతుంది. చెవిన పడే భాష ఒడియా నుంచి తెలుగులోకి మారిపోతుంది. అదీ శ్రీకాకుళం, విశాఖ తీరాల యాసలో. ఆ పేట పేరు పెంఠకటా. మనవాళ్ల నోట పెంటకోట.

ఇక్కడివారిలో ఎక్కువమంది వాడబలిజలు. ఒడియావాళ్లు వీరిని నోలియాలంటారు. కోసు టోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లో స్నానం చేయించే మనుషులుగా పూరీ వెళ్లినవారికి పరిచయమే. వీరి పెద్దలు మొదట్లో చేపల సీజనుకు వచ్చి వెళ్లేవారు. తర్వాత ఇక్కడే ఉండిపోయారు.

పేటలో అడుగుపెట్టగానే కనిపించేవి పడవలే. ఇళ్ల ముందు, ఇళ్ల మధ్య, ఇసుక మీద బోర్లించి, వెల్లకిలా, పక్కకు ఒరిగి. రేవు లేదు, జెట్టీ లేదు. సముద్రంలోకి వెళ్లాలన్నా, తిరిగి రావాలన్నా విరిగే అలల్ని దాటాల్సిందే. "నీళ్లలో ఉన్నంతసేపూ దానికేటీ అవదు బాబూ. ఇసక తగిలిందంటేనే దెబ్బ" అన్నాడు, పడవ అడుగు గీకుతున్న ఓ పెద్దాయన. పెంటకోట కథంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఈ దెబ్బకు పాతకాలం కనిపెట్టిన మందు రెండు రకాలు. మొదటిది తెప్ప. తేలిక కర్ర దుంగల్ని పక్కపక్కన పేర్చి కట్టడమే. నీళ్లు దూరడానికి అందులో బొక్కే లేదు కనక మునగదు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలు విడదీసి ఎండకు పెట్టేవారు. ఆరకపోతే కర్ర నీరు తాగి బరువెక్కుతుంది, పుచ్చుతుంది. అంటే రోజూ పడవను విప్పడం, రోజూ కట్టడం. మరమ్మతు అనేది విడిగా ఒక పని కాదు, వేటలోనే భాగం.

రెండోది కుట్టు పడవ. మేకు ఉండదు. పలకల అంచులకు బెజ్జాలు వేసి, సందుల్లో పీచు దట్టించి, కొబ్బరి తాడుతో బట్ట కుట్టినట్టు కుడతారు. అల గుద్దితే మేకులు కొట్టిన పడవ పగులుతుంది. ఇది మాత్రం కాస్త వంగి, మళ్లీ సర్దుకుంటుంది. మద్రాసుకు రేవు కట్టకముందు నడిసముద్రంలో ఆగిన ఓడల నుంచి దొరలను, సరుకులను ఒడ్డుకు చేర్చినవి ఈ రకం పడవలే. తాడు కుళ్లితే కుట్టు విప్పి మళ్లీ కుట్టాలి. ఆ కుట్టు చేతికి రావడానికి ఏళ్లు పట్టేది.

ఇప్పుడు ఒడ్డున రాజ్యం ఫైబర్‌ది. మంచి దుంగ దొరకడం కష్టమైంది, ధర పెరిగింది. 2004 సునామీ తర్వాత తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో సాయంగా వచ్చిన ఫైబర్ పడవలు ఈ మార్పును ఇంకా తొందరపెట్టాయి. ఫైబర్ తేలిక. కుళ్లదు, పురుగు తినదు. అలాగని పని తప్పిందనుకుంటే పొరపాటు. పని రూపం మారిందంతే.

పడవ ఇసుకను రాసుకున్న ప్రతిసారీ అడుగున పైపూత అరుగుతుంది. పూత పోయిన చోట నీరు లోపలి పొరల్లోకి పాకుతుంది. పడవ మునగకుండా అడుగున నింపిన థర్మోకోల్‌కు ఆ నీరు చేరిందంటే పడవ బరువెక్కుతుంది, ఇంజన్ ఎక్కువ ఆయిల్ తాగుతుంది. బీట కనిపించగానే ముందు మంచినీళ్లతో ఉప్పు కడగాలి. పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే రెజిన్ అంటుకోదు. బీట చుట్టూ జానెడు మేర గరుకుగా అరగదీసి, గాజుపీచు మ్యాట్‌ను పొర మీద పొరగా పరిచి, ప్రతి పొరకూ రెజిన్ పట్టించి, గాలి బుడగ మిగలకుండా రోలరుతో నొక్కాలి. రెజిన్ గట్టిపడటానికి కలిపే మందు ఎండాకాలంలో తగ్గించాలి. లేకపోతే చేతిలోని డబ్బాలోనే రాయి అయిపోతుంది. ఈ లెక్క ఏ బడిలోనూ చెప్పరు. పాడైపోయిన డబ్బాలే పాఠాలు.

కొన్న పడవను కొన్నట్టు వాడేవాళ్లు తక్కువ. అడుగున వెన్నులా ఉండే గట్టుకు రెండు మూడు పొరలు అదనంగా వేస్తారు, అరిగేది ముందు అదే కాబట్టి. వల లాగేటప్పుడు రాసుకునే అంచుకు కర్ర పట్టీ బిగిస్తారు. ఇంజన్ అదురుకు ఫైబర్ పగలకుండా కింద చెక్క దిమ్మ వేస్తారు. ఆ ఇంజన్‌కు పొడవాటి ఇనుప తోక, దాని చివర ఫ్యాను. ఒడ్డు దగ్గర పడగానే తోకను పైకెత్తేస్తే ఫ్యాను ఇసుకకు తగలదు. ఈ తీరానికి తగ్గ ఏర్పాటు.

ఇక పడవను ఒడ్డుకెక్కించడం. కొన్ని దేశాల్లో ఇంత పడవకు రెండు చక్రాల ట్రైలర్ ఉంటుంది. తమిళనాడు తీరంలో కొన్నిచోట్ల ట్రాక్టర్లు లాగుతాయి. నేను చూసిన ఉదయం పెంటకోటలో ట్రైలర్ అంటే భుజాలే. పడవ ముక్కుకు తాడు ఉచ్చు, అందులో వాసం, వాసం కింద నలుగురు. ఒక కొసను ఎత్తి గడియారం ముల్లులా తిప్పి దించారు. తర్వాత రెండో కొస. అలా అడుగులు వేసుకుంటూ పడవ గట్టెక్కింది. నేరుగా ఈడ్చుకొచ్చేస్తే పోదా? పోతుంది, పడవ అడుగు కూడా పోతుంది. అందుకే ఈ తిప్పుడు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఇంజన్ పడవలు కదలకూడదు. రాబడి లేని ఆ రెండు నెలలే పెద్ద మరమ్మతుల కాలం. జేబు ఖాళీగా ఉన్నప్పుడే రెజిన్, మ్యాట్, రంగు కొనాలి. దుంగ పుచ్చితే పొయ్యిలోకి పనికొచ్చేది, తాడు చేత్తో పేనుకునేవారు. ఫైబర్‌కు ప్రతిదీ దుకాణం నుంచే. పూర్తిగా చెడిన ఫైబర్ పడవ పొయ్యిలోకీ పనికిరాదు. శవంలా ఒడ్డునే పడి ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సరుకు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. అది జాగా. పడవను తిప్పడానికి, ఆరబెట్టడానికి, బోర్లించి అతుకు వేయడానికి పోటు నీరు అందనంత ఎత్తులో పొడి ఇసుక కావాలి. 2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గరే తీరం దాటింది. గంటకు 175 కిలోమీటర్ల గాలి. హెచ్చరిక ముందే అందింది. ఒడిశాలో పది లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు. మనుషులు బస్సెక్కగలరు, పడవలు ఎక్కలేవు. పేటలో ఇళ్లతోపాటు పడవలు, వలలు దెబ్బతిన్నాయి.

2020లో పూరీ గోల్డెన్ బీచ్‌కు అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. మన రుషికొండకూ అదే ఏడాది వచ్చింది. శుభ్రమైన ఇసుక, కుర్చీలు, గొడుగులు. మంచిదే. కానీ నడిచి వెళ్లేంత దూరంలోనే మరో రకం ఇసుక ఉంది. రెజిన్ మరకలు, వల ముక్కలు, చేప పొలుసులు. చూసేవాళ్లకు అది మురికి. పడవ ఉన్నవాళ్లకు అది వర్క్‌షాపు. అందమైన తీరం కావాలనే తొందరలో ఈ రెండో ఇసుకను లెక్కలోంచి తీసేస్తే, పడవలను ఎక్కడ బోర్లించాలి?

సాయంత్రానికి పెద్దాయన అతుకు పని ముగిసింది. అరచేత్తో తడిమి చూశాడు. ఎప్పుడు దింపుతారని అడిగాను. "ఆరాలి కదా" అన్నాడు. ఆరేదాకా పడవ అక్కడే ఉండాలి. అది ఉండటానికి ఒడ్డు ఉండాలి.