జిగర్ దగ్గర పర్దా నడవదు

పెద్దల ముందు సిగ్రెట్ తాగకపోవడం మన ఇండ్లల్లో అదబ్. అబ్బా ముందు బేటా తాగడు. బేటీ ముందు అబ్బా కూడా దాస్తాడు. ఉప్పల్ రింగ్ రోడ్డు చాయ్ హోటళ్ల పక్కన, నాచారం కార్ఖానాల గేట్ల కాడ రెండు దమ్ములు లాగి, సోంఫ్ నములుకుంటూ ఇంటికొచ్చే మర్దులు ప్రతి ఖాందాన్‌లో ఉంటారు. ఇంతవరకు సరే. ఈ పర్దా డాక్టర్ ముందు కూడా వేసుకుంటేనే ఖత్రా.

మా మామూ నాచారంలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. దమ్మా ఉండేది. రోజుకొక డబ్బీ సిగ్రెట్. "సిగ్రెట్ పీతే క్యా?" అని డాక్టర్ అడిగితే, పక్కన బేటీ ఉందని "నై సాబ్" అన్నాడట. థియోఫిలిన్ గోలీ రాశారు. ఆయాసం తగ్గలేదు. డోస్ పెంచారు.

ఆ రంజాన్‌లో మొదటి రోజా నుంచే మామూ సిగ్రెట్ మానేశాడు. ఇఫ్తార్ తర్వాత కూడా ముట్టలేదు. ముమానీ అల్లాకు షుకర్ చెప్పుకుంది. పది రోజులు గడవకముందే వాంతులు, చేతుల వణుకు, గుండె దడ. రాత్రి నిద్ర లేదు. ఇంట్లోవాళ్లు రోజా కమ్జోరీ అన్నారు. మామూ మాత్రం "సిగ్రెట్ మానడం నాకు పడలేదు, మళ్లీ మొదలుపెడతా" అన్నాడు. మళ్లీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే అసలు సంగతి బయటపడింది. నెత్తురు పరీక్ష చేసి డోస్ తగ్గించారు. కొన్నాళ్లకు తబియత్ కుదుటపడింది.

జరిగింది ఇది. పొగలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే పదార్థాలుంటాయి. అవి జిగర్‌లో సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్‌ను పెంచుతాయి. కొన్ని దవాలను విరగ్గొట్టే మజ్దూర్ అది. పొగ తాగేవాళ్ల జిగర్‌లో ఆ మజ్దూర్లు డబల్ షిఫ్ట్ చేస్తారు. థియోఫిలిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి తాగనివాళ్లలో సుమారు 8 గంటలు పడితే, తాగేవాళ్లలో 4, 5 గంటలే. సిగ్రెట్ మానిన వారం పది రోజుల్లో మజ్దూర్లు తగ్గిపోతారు. గోలీ మాత్రం అదే. దవా నెత్తుట్లో పేరుకుంటుంది.

ఇది నికోటిన్ పని కాదు, పొగ పని. అందుకే నికోటిన్ చూయింగ్ గమ్ నమిలినా జిగర్ మాత్రం మామూలు స్థితికి వచ్చేస్తుంది. దిమాగ్ బీమారీలకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్‌లదీ ఇదే కథ. ఆ బీమారీనీ దాస్తాం, సిగ్రెట్‌నూ దాస్తాం. దవాఖానాలో చేరి సిగ్రెట్ ఆగిపోతే, రోజూ వేసుకునే గోలీయే ఎక్కువైపోతుంది. ఆఖరికి చాయ్‌లోని కెఫీన్ కూడా అంతే. సిగ్రెట్ మానినవాళ్లు ఎప్పటిలాగే చాయ్‌లు తాగితే నెత్తుట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. ఆ బేచైనీని చాలామంది సిగ్రెట్ తలబ్ అనుకుంటారు.

సిగ్రెట్ మానడం నేకీయే, అందులో షక్ లేదు. మానేముందు గోలీలన్నీ పట్టుకుని డాక్టర్‌ను కలవండి. డోస్ మీ అంతట మీరు మార్చకండి. ఇక పిల్లలకో మాట: డాక్టర్ ఆ సవాల్ అడిగేలోపే మీరే లేచి గది బయట కూర్చోండి. పెద్దల విషయంలో అది కూడా అదబే.