పిచ్చుకల వెంట వచ్చిన అతిథి

కృష్ణానది పాయలుగా చీలి సముద్రంలో కలిసే దివిసీమలో, వరిపొలాల అంచున ఒక పెంకుటిల్లు ఉన్నది. దాని యజమాని ఉపాధ్యాయ వృత్తి నుంచి విశ్రాంతి తీసుకున్న పెద్దమనిషి. తన పెరడు పశుపక్ష్యాదులకు నెలవు కావాలన్నది ఆయన చిరకాల వాంఛ. చూరుకు వరికంకుల కుచ్చులు వేలాడదీశారు. జామచెట్టు క్రింద మట్టి మూకుడులో నీళ్ళు పెట్టారు. రాలిన ఆకును ఎవరినీ ఊడ్వనివ్వలేదు. మూడేళ్ళు తిరిగేసరికి పిచ్చుకలు, ఉడతలు, గోరువంకలు, కప్పలు ఆ పెరడు తమదే అన్నట్లు మసలసాగాయి.

వేసవి సెలవులు ముగియవస్తున్న ఒక సాయంకాలం, ఆరేళ్ళ మనుమరాలు గింజలు చల్లబోయి ఆగింది. “తాతయ్యా, తాడు కదులుతోంది” అన్నది. కొబ్బరిమట్టల కుప్ప ప్రక్కన చుట్ట చుట్టుకొని ఉన్నది రక్తపింజరి. పిల్లకూ దానికీ నడుమ రెండు మూరల దూరం. ఆయన పిల్లను చంకనెత్తుకొని ఇంట్లోకి వచ్చాక గాని ఆ బుస ఆయన చెవికి సోకలేదు.

పాములు పట్టే యువకుడు కబురందుకొని వచ్చాడు. ఇనుప కొక్కెంతో దానిని లాఘవంగా సంచిలోకి చేర్చి, వెళ్ళబోతూ ఒక మాట అన్నాడు: “పామును నేను పట్టుకుపోతాను మాస్టారూ. మీరు వడ్డించిన విస్తరిని ఎవరు ఎత్తుతారు?”

ఆ మాటలోని అంతరార్థం ఆ పూట ఆయనకు తలకెక్కలేదు. కుమార్తె మాత్రం కరాఖండిగా చెప్పింది: “నాన్నగారూ, ఈ చెట్టూ చేమా కొట్టించి గచ్చు చేయించండి. లేకపోతే పిల్లను మళ్ళీ ఇక్కడికి తీసుకురాను.”

ఆమె భయం అకారణమైనది కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల ఏటా సగటున 58,000 మంది మరణించి ఉంటారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. వారిలో అత్యధికులు పల్లెవాసులు. దివిసీమ సంగతి చెప్పనే అక్కరలేదు. 2018 వానకాలంలో అక్కడ పాముకాట్లు ఎంతగా పెచ్చుపెరిగాయంటే, ఆ ఆగస్టులో మోపిదేవి ఆలయంలో సర్పశాంతి యాగం జరిపించారు. పొలాల్లో నీరు నిండగానే ఎలుకలు మెరక వెతుక్కుంటాయి. పాములు వాటిని వెన్నంటి వస్తాయి. ఆ సీమలో మెరక అంటే ఒకటి గట్టు, రెండవది ఇల్లు.

గచ్చు చేయించడానికి ఆయన మనసు ఒప్పలేదు. ఇరుగుపొరుగు చెప్పిన ఉపాయాలన్నీ ప్రయోగించారు. వెల్లుల్లి నూరి గోడ వెంట చల్లించారు. ఫినాయిలు పోయించారు. తొలకరి జల్లు రెండింటినీ కడిగివేసింది. వాసనతో పామును తరమగలదని నమ్మకంగా రుజువైన పదార్థం నేటికీ లేదు. అంగళ్ళలో సీసాలు అమ్ముడుపోవడానికి అది అడ్డు కాలేదనుకోండి. చివరకు పెరడు చుట్టూ నైలాను వల కట్టించారు. నాల్గవనాటి ఉదయం ఆ వలలో ఆరడుగుల జెర్రిపోతు చిక్కుకొని చచ్చిపడి ఉన్నది. విషంలేని జీవి, చట్టం రక్షణనిచ్చిన జీవి, అన్నిటికంటె మించి ఎలుకలను తిని బ్రతికే జీవి. నెల తిరగకముందే పందికొక్కులు జామచెట్టు మొదలు తవ్విపోశాయి.

అప్పుడు గుర్తుకు వచ్చింది ఆయనకు విస్తరి మాట. పిచ్చుకలు రాల్చిన ధాన్యానికి రాత్రిళ్ళు ఎలుకలు వచ్చాయి. ఎలుకల కోసం రక్తపింజరి వచ్చింది. నీటి మూకుడు కప్పలను పిలిచింది. కప్పల వెంట నాగుపాము రావడం వింత కాదు. పాము పిలవని అతిథి కాదు. పిలుపు అందుకొని, ఆలస్యంగా వచ్చిన అతిథి!

ఆయన వల విప్పించి పని మళ్ళీ మొదలుపెట్టారు. కంకుల కుచ్చులు ఇంటి చూరు నుంచి పెరటి కొసనున్న చింతచెట్టుకు మారాయి. క్రింద వెడల్పాటి పళ్ళెం ఉంచి, చీకటి పడకముందే రాలిన గింజలు ఎత్తివేయసాగారు. మూకుడు కూడా ఆ కొసకే చేరింది. కొబ్బరిమట్టలూ వంటచెరకూ ఇంటికి దూరంగా, నేలకు మూరెడెత్తున బల్లచెక్కలమీదికి ఎక్కాయి. రాలిన ఆకు చింతచెట్టు చుట్టూ మాత్రమే మిగిలింది. తూముకు పావు అంగుళం కన్నుల ఇనుప వల బిగించారు; తలుపు క్రింది సందు మూయించారు. ఇంటి చుట్టూ నాలుగడుగుల మేర గడ్డి చెక్కించి ఇసుక పరిపించారు.

అన్నిటికంటె కష్టమైనది ఇంట్లోవారి అలవాట్లు మార్చడం. కట్లపాము రాత్రివేళ సంచరిస్తుంది. నేలమీద పడుకున్నవారిని కాటు వేస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. తెల్లవారి కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతున్నా కారణం తోచనివారున్నారు. అందుచేత చాపలు పోయి మంచాలు వచ్చాయి. దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపడం నియమమైంది. రాత్రి పెరట్లో అడుగు పెట్టాలంటే చెప్పులూ టార్చిలైటూ తప్పనిసరి. విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉన్నదో విచారించి గోడమీద వ్రాసిపెట్టారు. దాని క్రిందనే మరొక వాక్యం: కోయవద్దు, కట్టు బిగించవద్దు, కాటుపడిన అవయవం కదలనీయక వెంటనే బయలుదేరాలి.

సంక్రాంతికి కుమార్తె వచ్చింది, ఒక్కరోజే ఉంటానన్న షరతుతో. మరునాటి ఉదయం మనుమరాలు ఇసుకమీద వంకరలు తిరిగిన ఒక చారను కనిపెట్టి కేక వేసింది. చెప్పులు తొడుక్కొని అందరూ వచ్చారు. ఆ చార తూము దాకా వచ్చి, ఇనుప వల దగ్గర ఆగి, గోడ వెంబడి కొంత దూరం సాగి, తిరిగి చింతచెట్టు వైపు మళ్ళింది. కుమార్తె దానిని చాలాసేపు చూస్తూ నిలబడింది. తరువాత లోపలికి వెళ్ళి, సర్ది ఉంచిన పెట్టెలోంచి పిల్ల బట్టలు తీసి దండెంమీద వేసింది.