ప్రహరీ గోడలో ఒక గేటు

జోనింగ్‌ని తెలుగులో ఏమంటారని నాన్నని అడిగితే "జోనింగ్ అనే అంటారు" అన్నారు. అమ్మమ్మని అడిగితే అసలు అదేంటో ముందు చెప్పమంది. ఎక్కడ ఇళ్ళు కట్టాలో, ఎక్కడ షాపులు పెట్టాలో సిటీవాళ్ళు ముందే మ్యాపులో రంగులు వేసి రాసి పెడతారు, అదే జోనింగ్ అని చెప్పాను. నాకొచ్చిన తెలుగులో అంతకంటే బాగా చెప్పలేను. అమ్మమ్మకి అర్థమైంది. "రెండూ ఒకచోటే ఉంటే ఏమవుద్ది?" అని అడిగింది. ఆ ప్రశ్న వల్లే ఇదంతా రాస్తున్నాను.

మాది డల్లాస్‌కి ఉత్తరాన ఒక ఊరు. పేరు రాయను, ఇంకా ఇక్కడే ఉండాలి కదా. దగ్గర్లోనే ఉన్న ఫ్రిస్కో సంగతి చెప్తే చాలు, మా కథా అలాంటిదే. 2000 జనాభా లెక్కల్లో ఫ్రిస్కోలో సుమారు 33,700 మంది ఉన్నారు. 2020కి రెండు లక్షలు దాటారు. పొలాలు పోయి ఇళ్ళొచ్చాయి. పెద్ద రోడ్లు కలిసే మూలల్లో మాత్రం కొన్ని స్థలాలు ఖాళీగా ఉండిపోయాయి. మ్యాపులో అవి కమర్షియల్. మా ఇంటి వెనక అలాంటి బీడు ఒకటి ఉండేది. (బీడు అంటే దున్నకుండా వదిలేసిన నేల. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మాట.)

2023లో ఆ బీడు గురించి సిటీ నుంచి మాకు ఉత్తరం వచ్చింది. కింద షాపులు, పైన అపార్ట్‌మెంట్లు, మా వైపు రెండు వరసల టౌన్‌హోమ్స్ కట్టుకుంటామని స్థలం వాళ్ళు అడిగారు. టెక్సాస్ చట్టం ప్రకారం 200 అడుగుల లోపు ఉన్న యజమానులకి ఇలా ముందే తెలియజేయాలి. అప్పటి నియమం ఏంటంటే, ఆ 200 అడుగుల నేలలో 20 శాతానికి యజమానులైనవాళ్ళు రాతపూర్వకంగా వద్దంటే కౌన్సిల్‌లో మామూలు మెజారిటీ చాలదు, నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. (2025లో చట్టం మార్చి, ఇళ్ళు పెంచే ప్రతిపాదనలకి ఇలా అడ్డుపడటం కష్టం చేశారు.) లెక్క మనుషులది కాదు, నేలది. ఇల్లు నాన్న పేరు మీద ఉంది కాబట్టి నా అభిప్రాయం ఆ లెక్కలోకి రాదు.

మా వీధి వాట్సాప్ గ్రూపులో సగం మంది తెలుగువాళ్ళే. ఆ రాత్రి నేను చదవలేనంత వేగంగా మెసేజ్‌లు వచ్చాయి. ట్రాఫిక్ పెరుగుతుంది. స్కూళ్ళు నిండిపోతాయి. ఇళ్ళ రేట్లు పడిపోతాయి. "అపార్ట్‌మెంట్ జనం" వస్తారు.

ట్రాఫిక్ భయం నిజమే, నేను కాదనను. స్కూళ్ళ మాట వెనక డబ్బు లెక్క ఉంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ లేదు. ఊళ్ళకి ముఖ్యంగా వచ్చేది ప్రాపర్టీ టాక్స్, సేల్స్ టాక్స్. మేము 100 డాలర్ల సామాను కొంటే టాక్స్ 8 డాలర్ల 25 సెంట్లు. అందులో 6.25 రాష్ట్రానికి, మిగతా 2 స్థానికంగా ఉంటుంది. షాపు టాక్స్ కడుతుంది, బడికి పిల్లల్ని పంపదు. అందుకే మా దగ్గర ఊళ్ళన్నీ కమర్షియల్ స్థలాన్ని దాచుకుంటాయి. కానీ మా వెనక స్థలంలో మేము వచ్చినప్పటి నుంచీ ఒక్క షాపూ రాలేదు. గడ్డి సేల్స్ టాక్స్ కట్టదు.

"అపార్ట్‌మెంట్ జనం" అన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది. అది పాత మాటే. ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి జోనింగ్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు 1926లో తీర్పు ఇచ్చింది. ఊళ్ళు ఇలా ఇళ్ళనీ షాపులనీ విడదీయవచ్చని ఒప్పుకున్న తీర్పు అది. అందులో అపార్ట్‌మెంట్‌ని పరాన్నజీవితో పోల్చారు. ఈ మాట విడదీసి చూడండి: పర, అన్న, జీవి. పరుల అన్నం తిని బతికేది. మా నాన్న అమెరికా వచ్చిన కొత్తలో నాలుగేళ్ళు అర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. ఆ గ్రూపులో చాలామంది అక్కడి నుంచే వచ్చారు. నాన్నతో ఆ మాట అంటే "అది వేరు" అన్నారు. ఎలా వేరో చెప్పలేదు.

అమ్మమ్మది గుంటూరు, బ్రాడీపేట. అక్కడ అడ్రస్ 4/14 అని రాస్తారు, అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. కింద మందుల షాపు, పైన ఇల్లు. పక్కన టిఫిన్ సెంటర్, దాని పైన డాక్టరు గారి కుటుంబం. చప్పుడు ఉంటుంది, బండి పెట్టుకోవడానికి చోటుండదు. అది స్వర్గం అని నేను అనను. కానీ అక్కడ అమ్మమ్మ చెప్పులేసుకుని వెళ్ళి కొత్తిమీర తెచ్చుకుంటుంది. ఇక్కడికి ఆరు నెలలకి వస్తే, ఆరు వరసల రోడ్డు దాటలేక, నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చుంటుంది. కారు నడపలేని మనిషికి మా ఊళ్ళో చేతిలో డబ్బులున్నా కొట్టు ఉండదు.

అందుకే నేను ప్లాను మొత్తం డౌన్‌లోడ్ చేసి చూశాను. షాపులు మా వంటింటి నుంచి కనపడేంత దగ్గర. మధ్యలో ఎనిమిది అడుగుల ప్రహరీ గోడ. దాటే దారి లేదు. షాపుకి నడవాలంటే చుట్టూ తిరిగి పెద్ద రోడ్డు మీదికే వెళ్ళాలి. ఇళ్ళకీ షాపులకీ మధ్య గోడ పెట్టడం సిటీ నియమమే. అమ్మమ్మకి ఆ బొమ్మ చూపించాను. "గోడలో దొడ్డిగుమ్మం పెడితే సరిపోద్ది గదా" అంది.

దొడ్డిగుమ్మం అంటే ఇంటి వెనక వైపు గుమ్మం. హియరింగ్‌లో దానికి ఇంగ్లీషులో ఏమనాలో వెతుక్కున్నాను. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు. నా ముందు పదిహేను మంది వద్దన్నారు. నేను ఇళ్ళు రావాలన్నాను, ట్రాఫిక్ లైటు ముందే పెట్టాలన్నాను, గోడలో నడిచేవాళ్ళకి గేటు కావాలన్నాను. వెనక వరసలో నాన్న కూర్చున్నారు. వద్దని సంతకం చేసిన ఫారం అప్పటికే ఇచ్చేశారు. ఇంటికి వస్తూ "గేటు సంగతి బాగుంది, మిగతాది కాదు" అన్నారు.

వద్దన్నవాళ్ళ నేల 20 శాతానికి చేరలేదు. కౌన్సిల్ షరతులతో ఒప్పుకుంది. షరతుల్లో గేటు ఉంది. టౌన్‌హోమ్స్ కట్టారు, గోడ లేచింది, గేటు కూడా పెట్టారు. దానికి తాళం వెయ్యాలా, వేస్తే కోడ్ ఎవరెవరికి ఇవ్వాలి అన్నది మాత్రం మా హెచ్‌ఓఏ ఇంకా తేల్చలేదు. వచ్చే మీటింగ్ మంగళవారం. ఈసారి నాన్న కూడా మాట్లాడతానంటున్నారు. ఏ వైపో చెప్పడం లేదు.