ఓడలో అన్నీ ఉన్నాయి, మన చెంబు తప్ప!

ఓడ ప్రయాణం అంటే ఒకప్పుడు మనకి తెలిసింది రంగూన్ వెళ్ళొచ్చిన తాతగార్ల కబుర్లే. ఇప్పుడలా కాదు. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి చెన్నైకి విహార ఓడ నడిచింది. 2023లో విశాఖ పోర్టులో క్రూయిజ్ ఓడల కోసమే ఒక టెర్మినల్ ప్రారంభించారు. సింగపూర్ తీసుకెళ్ళే ప్యాకేజీ టూర్లలో మూడు నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం కలపడం మామూలైపోయింది. పిల్లలు ఉద్యోగాల్లో స్థిరపడి, "అమ్మా! మీ పెళ్ళిరోజుకి ఓడ టిక్కెట్లు కొనేశాం" అని ఫోన్ చేస్తున్న రోజులివి. రేపో మాపో మీకూ ఆ ఫోన్ రావచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

సింగపూర్‌లో ఎక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసుకుని, మళ్ళీ సింగపూర్‌లోనే దిగే నాలుగు రాత్రుల ప్రయాణం మాది. ఓడ అంటే ఏదో పెద్ద పడవ అనుకునేరు! పది, పదిహేను అంతస్తుల అపార్టుమెంటు నీళ్ళమీద తేలుతున్నట్టు ఉంటుంది. ఈతకొలను, నాటకశాల, దుకాణాలు, రోజంతా తిండి... ఇవన్నీ ట్రావెల్స్ వాళ్ళిచ్చే రంగురంగుల పుస్తకంలో ఉంటాయి. అందులో లేనివి నేను చెబుతాను. ఆ వైభోగం మధ్య మనకి ఇల్లు ఎక్కడెక్కడ గుర్తొస్తుందో, దానికి ఏం చేసుకోవచ్చో, ఏం చేసుకోకపోతేనే మంచిదో!

లేవగానే కాఫీ

సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అలవాటు ప్రకారం మనకి అయిదింటికి మెలకువ వస్తే అక్కడ ఏడున్నర. మంచం దిగగానే వంటింట్లోకి నాలుగడుగులు వేస్తే కాఫీ అయిపోయే అదృష్టం అక్కడ లేదు. చీర సర్దుకుని, గది తలుపు వేసుకుని, లిఫ్టెక్కి పై అంతస్తులోని బఫే హాలుకి వెళ్ళాలి. అక్కడ మెషీను మీట నొక్కితే కప్పులో పడేది పల్చటి నల్ల కాఫీ. దానిలోకి బుల్లి డబ్బాలో చల్లటి పాలు. ఒక్క గుక్క తాగేసరికి మన స్టీలు గ్లాసు కళ్ళముందు మెదులుతుంది.

పోనీ కెటిల్ పట్టుకుపోదామా అంటే వీల్లేదు. కెటిల్, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్, నీళ్ళు కాచుకునే రాడ్డు - ఇలా వేడెక్కే కరెంటు వస్తువులేవీ దాదాపు ఏ ఓడలోనూ గదిలోకి తీసుకెళ్ళనివ్వరు. ఎక్కేముందు సామానంతా ఎక్స్‌రే మెషీనులో చూస్తారు. దొరికితే తీసి ఉంచేసి, దిగేటప్పుడు ఇస్తారు. చాదస్తం అనిపిస్తుంది గాని, ఒక్కసారి ఆలోచించండి. నడిసముద్రంలో నిప్పంటుకుంటే ఫైరింజను ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాని మన స్టీలు ఫిల్టరుకి కరెంటు అక్కర్లేదు కదా! బఫే హాల్లో టీ కోసం వేడినీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. కప్పుతో పట్టి ఫ్లాస్కులో పోసుకోండి. (ఫ్లాస్కు మూతి కుళాయికి ఆనించకూడదు, అది అందరూ వాడేది.) రాత్రి పడుకోబోయే ముందు డికాషన్ వేసుకుంటే పొద్దుటికి సిద్ధం. వేడిపాలు ఒక కప్పు కావాలని అడిగితే అక్కడివాళ్ళు సాధారణంగా కాదనరు. అంత ఓపిక లేనివాళ్ళకి ఇన్‌స్టంట్ కాఫీ పొట్లాలు ఎలాగూ ఉన్నాయి.

మూడోరోజు చారు బెంగ

మొదటిరోజు బఫే చూస్తే కళ్ళు చెదురుతాయి. కేకులే పది రకాలు! సింగపూర్ ఓడల్లో మనదేశం వాళ్ళు ఎక్కువ ఎక్కుతారు గనుక మన వంటలకీ ఒక వరస ఉంటుంది. అయితే "ఇండియన్" అంటే వాళ్ళ లెక్కలో నాను, పనీరు, పప్పు మఖనీ. రెండోరోజుకి అవే కూరలు పేర్లు మార్చుకుని వచ్చినట్టుంటాయి. మూడోరోజుకి ఎవరైనా చారు పోసిన అన్నం పెడితే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది. అన్నం ఉంటుంది, కాని మన సన్నబియ్యం కాదు. అయితే అతుక్కునే రకం, లేకపోతే పొడుగాటి బాస్మతి.

ఇంట్లో చేసిన పచ్చళ్ళు, పులిహోర, జంతికలు చాలా ఓడలు లోపలికి రానివ్వవు. కంపెనీ సీలు ఉన్న పొడులు, పచ్చడి పొట్లాలకు సాధారణంగా పేచీ ఉండదు. కందిపొడి, కరివేపాకు పొడి మంచి తోడు. పచ్చళ్ళు మాత్రం విమానంలో చేతిసంచిలో పెట్టకండి, సెక్యూరిటీలో ఆపేస్తారు. పెద్ద పెట్టెలో, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెట్టండి.

ఇక ఓడలో పెరుగన్నం ఎలా చేసుకోవాలో చెప్పనా? వేడన్నం చిన్న గిన్నెలో పెట్టించుకుని, రెండు చెంచాల వేడిపాలు పోసి చెంచాతోనే మెత్తగా మెదపండి. పొద్దుట టిఫిన్ల దగ్గర చక్కెర కలపని యోగర్ట్ ఉంటుంది. మధ్యాహ్నం కనబడకపోయినా అడిగితే లోపలినుంచి తెచ్చిస్తారు. అది కలిపి ఉప్పు వేయండి. సలాడ్ల వరసలోంచి కీరాముక్కలు, క్యారెట్ తురుము తెచ్చి కలపండి. పక్కన కాస్త పచ్చడి. పోపు ఒక్కటే లోటు!

శాకాహారులైతే ఆ మాట ఓడెక్కాక కాదు, టిక్కెట్టు కొనేటప్పుడే రాయించండి. "వెజ్" అంటే గుడ్డు కూడా వద్దని విడిగా చెప్పాలి. ఇంకో మాట. బఫేలో దొరికిందని అరటిపండో, యాపిలో సంచిలో వేసుకుని రేవులో దిగకండి. చాలా దేశాల్లో పళ్ళూ కూరగాయలూ అలా లోపలికి తేవడం నేరం, జరిమానా వేస్తారు.

చెంబు, గడప, చీర ఆరేసే దండెం

చెప్పుకోడానికి సిగ్గుపడతాం గాని, అందరికన్నా ముందు గుర్తొచ్చేది చెంబే. బాత్‌రూంలో కాగితం చుట్ట తప్ప చాలా ఓడల్లో నీళ్ళ ఏర్పాటు ఉండదు. చిన్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టెలో పడేయండి, ప్రాణం హాయిగా ఉంటుంది. అక్కడి టాయ్‌లెట్ గాలితో లాగేసే రకం, పెద్ద చప్పుడు చేస్తుంది. మూత వేసి మీట నొక్కండి. వాళ్ళిచ్చే కాగితం తప్ప దూది, ప్యాడ్లు వగైరా ఏవీ అందులో వేయకూడదు. ఒక గదిలో అడ్డుపడితే పక్కగదులకీ ఇబ్బందే.

బకెట్టు స్నానం మరిచిపోండి. ఒక మనిషి తిరగడానికే ఇరుకైన చోట షవరు. నీళ్ళకి మాత్రం లోటుండదు. సముద్రపు నీటినే ఉప్పు తీసి మంచినీళ్ళు చేసే యంత్రాలు ఓడలోనే ఉంటాయి. ముఖ్యంగా చూసుకోవలసింది బాత్‌రూం గడప. నీళ్ళు గదిలోకి రాకుండా కాస్త ఎత్తుగా కడతారు. మనం పసుపు రాసే గడప అలవాటే కదా అనుకుంటాం గాని, అర్ధరాత్రి నిద్రమత్తులో, ఓడ ఊగుతున్నప్పుడు అదే కాలికి తగులుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని తీసుకెళ్తే మొదటిరోజే రెండుసార్లు దాటించి చూపించండి.

బట్టలు ఆరేసుకోవడం ఇంకో సమస్య. షవరు దగ్గర లాగి కట్టుకునే సన్నతాడు ఉంటుంది, దానిమీద జాకెట్టు ఆరుతుంది గాని చీర ఆరదు. లాండ్రీకి వేస్తే ఒక్కో బట్టకి డాలర్లలో తీసుకుంటారు. అంచేత నూలు చీరలు ఇంట్లో ఉంచి, నలగని, త్వరగా ఆరే సిల్కు రకాలు, చుడీదార్లు పట్టుకెళ్ళండి. ఒక చిట్కా చెబుతాను. ఓడ గదుల గోడలు చాలావరకు ఇనుప రేకువి. అయస్కాంతం ఉన్న కొక్కాలు నాలుగు కొనుక్కెళ్తే గోడకి అంటుకుంటాయి. తువ్వాళ్ళు, సంచులు, మంగళసూత్రం పెట్టుకునే చిన్న పర్సు అన్నీ తగిలించుకోవచ్చు.

దీపం లేని పొద్దు, కిటికీ లేని రాత్రి

అగ్గిపుల్ల, అగరుబత్తి, కర్పూరం, కొవ్వొత్తి - గదిలో ఏదీ వెలిగించకూడదు. రోజూ దీపం పెట్టే చేతికి ఇది పెద్ద వెలితే. చిన్న పటం ఒకటి, బ్యాటరీతో వెలిగే దీపం ఒకటి పెట్టుకుని దణ్ణం పెట్టుకోవచ్చు.

ఆ బ్యాటరీ దీపమే రాత్రి కూడా పనికొస్తుంది. లోపలి గదులు చవక, కాని కిటికీ ఉండదు. లైటు తీస్తే కళ్ళు పొడుచుకున్నా కనబడదు. తెల్లారిందో లేదో గడియారం చూస్తేగాని తెలియదు. ఫ్యాను చప్పుడుకి నిద్రపోయేవాళ్ళకి అక్కడి ఏసీ, ఇంజను గుయ్యిమనడం మొదటిరాత్రి కొత్తగా ఉంటుంది. కడుపులో తిప్పుతుందని భయపడేవాళ్ళు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది అడగండి, అక్కడ ఊపు తక్కువ. మాత్రలు ముందే మీ డాక్టరుగారిని అడిగి తీసుకెళ్ళండి. బీపీ, షుగరు మందులు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. ఎక్కేటప్పుడు వాళ్ళకిచ్చిన పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి ఒక్కోసారి సాయంత్రం అవుతుంది.

ఫోను సంగతి! ఓడ రేవు దాటగానే ఫోను దానంతటదే ఉపగ్రహంతో నడిచే ఓడ నెట్‌వర్కుకి తగులుకోవచ్చు. మనం వేయించుకున్న రోమింగ్ ప్యాకు చాలావరకు దానికి పనికిరాదు. బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. "రేవులో ఆగిన రోజునే మాట్లాడతాం, మధ్యలో కంగారు పడకండి" అని ఇంట్లో ముందే చెప్పి వెళ్ళండి.

అసలు లోటు ఏమిటంటే...

ఇంతకీ ఈ కాఫీ, పెరుగు, దీపం, ఆరేసిన బట్ట - వీటిల్లో ఒక సంగతి గమనించారా? ఇవన్నీ ఇంట్లో ఎవరి చేతిమీదుగా జరుగుతున్నాయి? మనవే కదా! భోజనం బల్ల దగ్గర మావారు "మజ్జిగ లేదా?" అని చుట్టూ చూసి, చివరికి నా మొహం చూశారు. అలవాటు! పొద్దుట కళ్ళజోడు, మధ్యాహ్నం మాత్ర, సాయంత్రం తువ్వాలు - అన్నీ వేళకి చేతికి వస్తుంటే అది సుఖం అనిపిస్తుంది గాని, దాని వెనక ఒక మనిషి ఉన్నట్టు తోచదు. ఓడలో ఆ మనిషికి సెలవిచ్చేసరికి, లోటు ఇంటిల్లిపాదికీ తెలిసొస్తుంది.

ఇక మన సంగతి. పనిలేకపోతే మనకి తోచదు. గది సర్దే అబ్బాయి వచ్చేలోపల దుప్పట్లు మడతపెట్టేసే ఆడవాళ్ళు ప్రతి అంతస్తులోనూ ఉంటారు! మా గది సర్దే అబ్బాయి రోజూ తువ్వాలుతో ఏనుగునో, కుందేలునో చేసి మంచంమీద పెట్టేవాడు. ఇంటిదగ్గర రెండేళ్ళ పాప ఉందట, ఎనిమిది నెలల కాంట్రాక్టు పూర్తయితేగాని చూడలేడట. ఓడల్లో పనిచేసేవాళ్ళకి ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టులు మామూలే. వాళ్ళల్లో మన గోవావాళ్ళూ, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వాళ్ళూ చాలామంది. మనం నాలుగురోజులు పెరుగన్నం కోసం బెంగపడుతుంటే, మన పక్క సర్దే చేతులు తమ ఇంటికి ఎన్ని నెలలు దూరంగా ఉన్నాయో కదా! గది శుభ్రంగా ఉంచుకుని, పేరుపెట్టి పలకరించి, ఒక థాంక్స్ చెప్పండి. వేళకి అన్నీ అమర్చిపెట్టే చేతికి ఒక మంచిమాట ఎంత విలువైనదో మనకి తెలియనిదా!

సూట్‌కేసులో ఇవి చాలు

స్టీలు ఫ్లాస్కు, చిన్న ఫిల్టరు, కాఫీపొడి ప్యాకెట్టు. సీలు తీయని రెండు పొడులు, ఒక పచ్చడి. ప్లాస్టిక్ మగ్గు. అయస్కాంతం కొక్కాలు నాలుగు. బ్యాటరీ దీపం. మందులు, వాటి చీటీ. ప్రయాణపు బీమా కాగితం, ఎందుకంటే ఓడ డాక్టరు ఫీజు మన ఊరి లెక్కలో ఉండదు. ఓడ ఓడకీ నియమాలు మారతాయి గనుక టిక్కెట్టుతో వచ్చే కాగితాన్ని ఒకసారి పూర్తిగా చదవండి.

అంతకుమించి సర్దకండి. శ్రీవారికి ఇష్టమని అటుకులు, పిల్లలకని నూడుల్సు, అత్తగారికని రవ్వ... ఇలా వంటింటిని ఓడెక్కిస్తే, వెళ్ళింది మీరు కాదు, మీ వంటిల్లే. నాలుగురోజులు ఎవరి కాఫీ వాళ్ళు తెచ్చుకోనివ్వండి, ఎవరి తువ్వాలు వాళ్ళు వెతుక్కోనివ్వండి. మీరు డెక్కుమీద కుర్చీ వేసుకుని సముద్రం చూడండి. "పెరుగు ఎక్కడుంది?" అని ఎవరైనా అడిగితే, కూర్చున్న చోటునుంచి లేవకుండా వేలు చూపించండి. అంతే!