పంక్తికి ఎనిమిది కోపెక్కులు

పక్కగదిలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. ఇంకో గదిలో తండ్రి తల్లికి కథ చదివి వినిపిస్తున్నాడు. ఎవరో సంగీతపు పెట్టెకు కీ ఇచ్చారు. చదవాల్సిన వైద్య పాఠాలు మనసులో పొడుస్తున్నాయి. వీటన్నిటి మధ్యా ఇరవైమూడేళ్ల కుర్రాడు నవ్వించే కథ రాయాలి. వేళకు పంపకపోతే ఇల్లు గడవదు. 1883లో అంతోన్ చెహోవ్ తన సంపాదకుడికి ఉత్తరంలో వెళ్లబోసుకున్న గోడు ఇది.

తండ్రి కొట్టు దివాలా తీసింది. కుటుంబం మాస్కో చేరింది. 1880 నుంచి చెహోవ్ హాస్యపత్రికలకు కలంపేరుతో రాసేవాడు. అసలు పేరు డాక్టరుగా పనికొస్తుందని దాచుకున్నాడు! పీటర్స్‌బర్గ్ వారపత్రిక ‘అస్కోల్కి’ పంక్తికి ఎనిమిది కోపెక్కులు ఇచ్చేది. పంక్తుల లెక్కన డబ్బంటే ఎవరికైనా సాగదీయాలనిపిస్తుంది. కానీ కథ వంద పంక్తులు దాటకూడదని షరతు. అంటే నిండు కథకు ఎనిమిది రూబుళ్లు. అదైనా నయం. ఇంకో పత్రికాఫీసుకి పారితోషికం కోసం తమ్ముడు వెళితే, డబ్బు లేదు, నాటకం టికెట్ ఇవ్వమంటావా, పోనీ దర్జీ దగ్గర ప్యాంటు కుట్టించుకుంటావా అని అడిగారట!

1886 మార్చిలో ఓ ఉత్తరం వచ్చింది. రాసింది గ్రిగొరోవిచ్. యౌవనంలో దొస్తొయెవ్‌స్కీతో ఒకే ఇంట్లో ఉన్న పెద్ద రచయిత. చెహోవ్ కథ ‘వేటగాడు’ చదివి ముగ్ధుడయ్యాడు. నీలో నిజమైన ప్రతిభ ఉంది, హడావిడి రాతలు మానెయ్, కావాలంటే మా రోజుల్లో మాలాగే పస్తులుండు అన్నాడు.

సలహా మంచిదే. పస్తులు తనొక్కడివే అయితే ఎవరైనా ఉంటారు. ఇంట్లో తల్లీ తండ్రీ, చెల్లెలూ తమ్ముళ్లూ తనమీదే ఆధారపడితే? మన వారపత్రికల్లో సీరియళ్లు రాసి సంసారాలు ఈదినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు.

చెహోవ్ జవాబులో దాపరికం లేదు. ఏ కథ మీదా ఒక్క రోజుకు మించి కూర్చున్న గుర్తు లేదన్నాడు. ఆయన మెచ్చుకున్న ‘వేటగాడు’ స్నానాల పాకలో కూర్చుని రాసిందే! విలేఖరులు అగ్నిప్రమాదం వార్త రాసినట్టు తను కథలు రాస్తున్నానని ఒప్పుకున్నాడు. మారతానని మాటిచ్చాడు. అయినా ఆ ఏడాది వందకు పైగా రచనలు అచ్చయ్యాయి. అద్దె ఆగదు కదా!

అయితే ఆ వంద పంక్తుల షరతు ఆయనకు ఏం నేర్పిందో అదే మే నెలలో తెలిసింది. అన్న అలెగ్జాండర్ కూడా కథలు రాసేవాడు. అతనికి ఓ ఉత్తరం రాశాడు. వెన్నెలను పేరాల కొద్దీ వర్ణించొద్దు, మిల్లు ఆనకట్ట మీద పగిలిన సీసా పెంకు తళుక్కుమంటే, కుక్క నీడ నల్లగా దొర్లితే చాలు, వెన్నెల వచ్చేసినట్టే అన్నాడు. పాత్ర మనసులో ఏముందో కూడా చెప్పొద్దు, దాని చేతల్లో తెలియాలి అన్నాడు. చోటు లేనివాడు కనిపెట్టిన కిటుకులివి. చోటు దండిగా ఉన్నవాళ్లకు తోచడం కష్టం.

పత్రికలు మారాయి, పారితోషికం పెరిగింది. 1888లో ‘స్టెప్పీ’ అనే ఒక్క పెద్దకథ మీద నెల రోజులకు పైగా కూర్చోగలిగాడు. 1899లో తన రచనల హక్కుల్ని మార్క్స్ అనే ప్రచురణకర్తకు 75 వేల రూబుళ్లకు అమ్మాడు. అప్పటికే క్షయ ముదిరింది. సంపుటాల కోసం పాత పత్రికల్లోని కథలన్నీ తెప్పించుకుని కూర్చున్నాడు. చాలావాటిని పక్కన పడేశాడు. ఉంచినవాటిలోనూ పంక్తులకు పంక్తులు కొట్టేశాడు.