రెండో పెద్ద ఫ్లష్

హాలు తలుపు తీయగానే గలగల. వేలమంది ఒకేసారి వేళ్ల మధ్య చిప్స్ ఆడిస్తుంటే, మా అమ్మమ్మ చేటలో చింతగింజలు కుదిపినప్పటి చప్పుడు గుర్తొచ్చింది.

లాస్ వెగాస్ స్ట్రిప్ మీద హార్స్‌షూ, పారిస్ హోటళ్లలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ జరుగుతోంది. 1970లో బెన్నీ బినియన్ డౌన్‌టౌన్‌లోని తన కాసినోలో మొదలుపెట్టిన పోటీ ఇది. నేను వెళ్లింది 2023 జులైలో, దాని ప్రధాన పోటీ అయిన మెయిన్ ఈవెంట్ తొలి రోజుల్లో. ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. ఆ ఏడాది 10,043 ఎంట్రీలు వచ్చాయి. ఫీనిక్స్‌లో ఉండే మా బావ ఆట చూపిస్తానని నన్ను తీసుకెళ్లాడు. తాడు అవతల నిలబడి గుసగుసగా ఆట చెబుతూ ఉన్నాడు.

ఒక్కొక్కరి చేతికి 60,000 చిప్స్ ఇస్తారు. ముక్కలు చూడకముందే పెట్టాల్సిన తప్పనిసరి పందెం, పెద్ద బ్లైండ్, మొదట్లో 200. అంటే ఒక్కొక్కరి ముందు 300 పెద్ద బ్లైండ్లు. డీప్ స్టాక్ అంటే ఇదే. చేతిలో ఇంత ఉన్నప్పుడు పాట్‌లోకి, అంటే మధ్యలో పోగయ్యే పందెం సొమ్ము కోసం, నలుగురైదుగురు దిగితే ఆట స్వభావమే వేరు.

"ఆసుల జత ఒక్కడి మీద నూటికి 85 సార్లు గెలుస్తుంది. ఏవో ముక్కలతో నలుగురు ఎదురుంటే 56" అన్నాడు బావ.

నేను పెళ్లి విడిదిళ్లలో దుప్పటి మీద మూడుముక్కలాట చూస్తూ పెరిగినవాణ్ని. అక్కడ ధైర్యంగా పందెం పెంచినవాడే మొనగాడు. ఇక్కడా బెదిరిస్తే సరిపోతుంది కదా అని అడిగాను. బావ వేళ్ల మీద లెక్కేశాడు. ఎదుట ముగ్గురుంటే, ఒక్కొక్కడు నూటికి 60 సార్లు ముక్కలు పడేస్తాడనుకున్నా, ముగ్గురూ కలిసి పడేసేది 22 సార్లే. ఎదుట జనం పెరిగినకొద్దీ బ్లఫ్‌కి విలువ పడిపోతుంది. నాకీ లెక్క అప్పటిదాకా తట్టనే లేదు.

పందెం సైజు గురించి చెప్పింది ఇంకా నచ్చింది. పాట్‌లో మూడో వంతు పందెం కాసి, ఇద్దరు అంతే పెట్టి కాల్ చేస్తే పాట్ రెట్టింపవుతుంది. మంచి చేయి ఉన్నవాడు భారీగా కాయక్కర్లేదు. పాట్‌ని పెంచే పని జనమే చేస్తారు.

మా ఎదుటి టేబుల్లో ఆట మొదలై పావుగంట కాలేదు. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన 600కి పెంచాడు, నలుగురు కాల్ చేశారు. ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి బోర్డు మీద పరిచే మొదటి మూడు ముక్కల్లో, కళావరు రాజు, కళావరు ఏడు, ఆటీను నాలుగు. పెద్దాయన 1,000 కాశాడు. ఇద్దరు నిలిచారు, పాట్ ఆరు వేలు దాటింది. టర్న్, అంటే నాలుగో ముక్క, కళావరు రెండు. పెద్దాయన పందెం కాయకుండా చెక్ అన్నాడు. పక్క కుర్రాడు 4,000 కాశాడు. మిగిలిన మూడో మనిషి, ఒకావిడ, 14,000కి పెంచింది. పెద్దాయన తన రెండు ముక్కల కొనలెత్తి చూసుకుని, నెమ్మదిగా పడేశాడు. కుర్రాడు కాల్ చేశాడు.

రివర్, అంటే చివరి ముక్క, ఇస్పేటు తొమ్మిది. ఆమె మిగిలిందంతా ముందుకు నెట్టింది, దాదాపు 220 బ్లైండ్లు. కుర్రాడు చాలాసేపు కదల్లేదు. చివరికి కాల్ అన్నాడు. అతని చేతిలో కళావరు రాణి, జాకీ. ఆమె దగ్గర కళావరు ఆసు, పది.

ఇద్దరివీ ఐదేసి కళావర్ల ఫ్లష్‌లే. రాజు బోర్డు మీదే ఉంది గనక అతన్ని ఓడించేది ఆ ఒక్క ఆసే. నాకు గుండె కలుక్కుమంది. అంత మంచి చేతితో ఎవడు మాత్రం తప్పుకుంటాడు?

"ఇద్దరే ఆడుతుంటే నేనూ కాల్ చేసేవాణ్ని. ఉత్తి ఆసు ఒక్కటే పట్టుకుని బెదిరించేవాళ్లూ ఉంటారు. కానీ ఐదుగురు దిగిన పాట్‌లో, ఇద్దరు వెనకుండగా టర్న్‌లో పెంచి, రివర్‌లో అంతా పెట్టిందంటే, అది రెండో ఫ్లష్‌తో చేసే పని కాదు బావమరిదీ" అన్నాడు బావ.

కుర్రాడు లేచి అందరితో చేయి కలిపి, భుజాన సంచి వేసుకుని వెళ్లిపోయాడు. బావ మాత్రం పెద్దాయననే చూస్తున్నాడు. ఆయన పడేసింది ఆసుల జతే అయ్యుంటుందంటాడు. ఆయన ముందు ఇంకా 58,000 పైచిలుకు చిప్స్ ఉన్నాయి. డీలరు తర్వాతి చేతికి ముక్కలు పంచుతున్నాడు.