ఐదో చేతి ఓమ్ని

మన లైన్లలో బండి కొనేవాళ్ళు షోరూముకు పోయేది తక్కువ. బోనస్ వచ్చినప్పుడో, పీఎఫ్ లోను చేతికి అందినప్పుడో, పాత బండే చూసుకుంటాం. నేను కొన్నది 2007 మోడల్ మారుతి ఓమ్ని. కేఏ 34 నంబరు, ఐదో చేతి బండి, 62 వేలు. ఇంట్లో అమ్మ, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు. మోటార్‌సైకిల్ మీద కసాపురం పోవాలంటే రెండు ట్రిప్పులు కొట్టాల. ఓమ్నిలో అయితే అందరం పడతాం, పైన ఒక బియ్యం మూట కూడా పడుతుంది. ఆ బండి తయారీ 2019లోనే ఆగిపోయింది గానీ బళ్ళారిలో దాని సామాను ఇప్పటికీ దొరుకుతుంది. 15 ఏళ్ళు నిండినాక ఐదేళ్ళకు మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించిన బండి కాబట్టి, 2027లో ఇంకోసారి బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందర నిలబెట్టాల. అందుకే కొన్నప్పుడే అనుకున్నా, పాతాయన చేసిన రిపేర్లన్నీ ఒక్కొక్కటీ విప్పి చూడాలని.

నాకు ముందు దాన్ని వాడినాయన జీన్స్ బండిళ్ళు తోలేవాడు. కుట్టే ఇళ్ళ నుంచి వాషింగ్ యూనిట్‌కు, అక్కడి నుంచి మళ్ళీ అంగళ్ళకు. సీట్ల కింద ఊడ్చినప్పుడు గుప్పెడు రివెట్లు, గుండీలు, నీలం దారాలు వచ్చినాయి. ఆయన చెడ్డోడని నేను అనను. దినమ్మూ బండి తిరిగితేనే ఇల్లు గడిచే మనిషి. ఏది చెడిపోయినా ఆ పూటకు నడిస్తే చాలనుకున్నాడు. ఆ పూటలన్నీ పోగై నా చేతికొచ్చినాయి.

మొదట ఫ్యూజు డబ్బా తెరిచినా. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ మెలేసి దూర్చినాడు. నేను మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో 19 ఏళ్ళుగా ఉన్నా. బ్లో రూములో ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మన పిల్లలకు కూడా చెప్పక్కర్లేదు. ఓమ్నిలో ఇంజన్ యాడుంటుంది? ముందు సీట్ల కిందనే. తీగ కాలితే మన కిందనే కాలుతుంది.

రాగి తీగ ఎందుకు పెట్టినాడంటే, హెడ్‌లైట్లకు 100 వాట్ల బల్బులు వేసినాడు. కంపెనీ ఇచ్చేది 60 వాట్లది. 60ని 12తో భాగిస్తే ఐదు ఆంపియర్లు, రెండు బల్బులకు పది. 100 వాట్లయితే రెండింటికీ దగ్గరదగ్గర పదిహేడు. ఫ్యూజు మాటిమాటికీ పోయింటుంది, విసుగొచ్చి తీగ పెట్టింటాడు. కరెంటు రెట్టింపైతే తీగలో వేడి నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్కన పాత తీగలు పుట్టిన నాటి వేడికి దాదాపు మూడింతలు మోస్తున్నాయి. స్విచ్ దగ్గర ప్లాస్టిక్ కరిగి, చల్లారిన బెల్లప్పాకం మాదిరి గట్టిపడింది.

సరే, 100 వాట్లు ఎందుకు వేసినాడు? వెలుతురు చాలక. ఎందుకు చాలలేదు? ఇది ఎవరూ చూసినట్టు లేదు. మీటర్ పెట్టి చూస్తే, ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు దగ్గర 11.6. మిగతాది చిలుము పట్టిన జాయింట్లు, అరిగిన స్విచ్ తినేస్తున్నాయి. హాలోజెన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు మూడో వంతు దాకా పోతుంది. రోగం తీగలో ఉంటే మందు బల్బుకు వేసినాడు. నేను 60 వాట్ల బల్బులే మళ్ళీ పెట్టి, బ్యాటరీ నుంచి లావు తీగ లాగి, ఫ్యూజు వేసి, రెండు రిలేలు పెట్టినా. స్విచ్‌కు ఇప్పుడు రిలేను లేపేంత కరెంటే. బరువంతా రిలే మోస్తుంది. మన మోటార్లకు కాంటాక్టర్ ఉన్నట్టే. సామానుకు ఆరువందలు కూడా కాలేదు. రాత్రి ఆలూరు రోడ్డులో వెలుతురు ఆయన 100 వాట్ల కంటే బాగుంది.

ఇంతవరకూ నాకు సరదాగానే ఉండింది. తర్వాతది కాదు.

నడిపి పాపకు ఎనిమిదేళ్ళు. వెనక సీట్లో కూర్చుంటే అర్ధగంటకే తలకాయ నొప్పి, వాంతి. అమ్మ దిష్టి అని మిరపకాయలు తిప్పింది. మా అత్త చేతిలో నిమ్మకాయ పెట్టింది. మందుల అంగడాయన మాత్ర ఇచ్చినాడు. కొందరికి బండి పడదులే అన్నారందరూ. కానీ బస్సులో ఆదోని దాకా పోయొస్తే పాపకు ఏమీ కాదు. ఎండాకాలంలో అద్దాలు తీసుకొని పోయినప్పుడూ కాలేదు. కార్తీకంలో చలిగాలి అని అద్దాలు మూసినాకే మొదలైంది. ముందర కూర్చోబెడితే లేదు.

అదే రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చి వీధిలైటు ఆర్పించి, నేను లోపల కూర్చున్నా. మా ఇంటామె బండి కింద టార్చి తిప్పింది. వెనక సీటు కింద రూపాయి బిళ్ళంత వెలుగు, ఒకటి కాదు, మూడు. పైన పరిచిన మ్యాట్ లేపితే తుప్పుతో గుండ్రటి గుర్తు, మన వంటింట్లో సిలిండర్ నిలబెట్టిన చోట పడుతుందే, అట్లాంటిదే. ఇంటి గ్యాస్ సిలిండర్ పెట్టి బండి నడిపినాడు! కిట్ పీకేసి అమ్మినాడు గానీ, పైపు కోసం రేకులో కొట్టిన బొక్కలు అట్లనే వదిలేసినాడు. ఆర్‌సీలో పెట్రోల్ అనే ఉంది. కిట్ పెడితే ఆర్‌సీలో రాయించాల; ఇంటి సిలిండర్‌తో బండి నడపడమైతే చట్టం ఎట్లా ఒప్పుకోదు. ఆ గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే నేలమీదనే పరుచుకుంటుంది. పక్కనే ఫ్యూజు లేని తీగలు. అన్నేళ్ళు ఎట్ల బతికినాడో ఆ దేవుడికే తెలియాల.

పొద్దున్నే సైలెన్సర్ కొసకు తడిగుడ్డ అడ్డం పెడితే, మధ్య జాయింట్ దగ్గర బుస్సుమని శబ్దం. గాస్కెట్ కాలిపోయింది. వెనక డోరు రబ్బరు బీడింగు కూడా ఎండి పగిలింది. డబ్బా మాదిరి బండి పోతుంటే వెనక గాలి పలచనవుతుంది, పొగ అక్కడే సుడి తిరుగుతుంది, సందు దొరికితే లోపలికొస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. మొదట తలనొప్పి, వాంతి, మబ్బు. ఎక్కువైతే మనిషి లేవడు. పాపకు రక్తపరీక్ష చేయించలేదు, కానీ నాకు ఇంకో రుజువు అక్కర్లేకపోయింది. పనయ్యేదాకా పిల్లల్ని బండి ఎక్కనీయలేదు. అమ్మకు కోపం వచ్చింది.

“ఇంటి ముందర బండి పెట్టుకొని బస్సులో పోతే జనం నవ్వరేమప్పా?”

“నవ్వనీలేమ్మా. వారం ఓర్చుకో.”

వెల్డింగ్ మేస్త్రీ వస్తానన్నాడు. పెట్రోల్ ట్యాంకు కింద పెట్టుకొని వెల్డింగ్ వద్దన్నా. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, రేకు ముక్కలు కత్తిరించి, చుట్టూ సీలెంట్ వేసి రివెట్లు కొట్టినా. కొత్త గాస్కెట్, కొత్త బీడింగు. తీగలు రేకులోంచి దాటే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్. మళ్ళీ రాత్రి టార్చి వేయించినా, లోపల చీకటి. ముందు నేనొక్కణ్ణే అద్దాలు మూసి హగరి వంతెన దాకా పోయొచ్చినా. తర్వాతి శనివారం అందరం కసాపురం పోయినాం. పాప వెనకనే కూర్చుంది, దోవ పొడుగునా అన్నతో కొట్లాడింది.

పాత బండి చూడబోయేవాళ్ళు ఇంజన్ చప్పుడు వింటారు, పెయింటు చూస్తారు. మ్యాట్ లేపి చూడండన్నా. ఫ్యూజు డబ్బా తెరవండి. అమ్మేవాడు ఏమైనా అనుకోనీ.

ఇంక మిగిలింది వెనక పట్టాలు. బండిళ్ళ బరువుకు ఆయన ఒక్కో పక్క ఒక పట్టా ఎక్కువ వేయించినాడు. ఖాళీ బండి గుంతలో పడితే అమ్మ నడుము విరిగినంత పని అయ్యేది. అవి పీకించి పెరట్లో పడేస్తే, పక్కింటి మామ అడిగి తీసుకుపోయినాడు. కమ్మరి దగ్గర కొట్టించి రెండు మచ్చుకత్తులు చేయించుకుంటాడంట, ఒకటి మాకంట.